వీఎఫ్ఆర్ ఆన్ చేస్తే తెర మీద ఒక షట్టర్, కార్డులో ఇంకో షట్టర్: ఫిర్యాదు

ప్రొఫెషనల్ వీడియో విభాగం సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) వేశాక వేరియబుల్ ఫ్రేమ్ రేట్ (వీఎఫ్ఆర్)లో షట్టర్ యాంగిల్ నిలవకపోవడం, తెర మీద తప్పు అంకెలు కనిపించడం

అయ్యా,

మీ 4కే కెమెరాలో గత ఫర్మ్‌వేర్ వరకు సరిగ్గా పనిచేసిన వీఎఫ్ఆర్, అంటే సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను మార్చుకునే సదుపాయం, కొత్తది వేసినప్పటి నుంచి నమ్మదగ్గదిగా లేదు. ఒకే మోడల్‌కు చెందిన రెండు బాడీల్లోనూ ఇదే తప్పు వస్తోంది కాబట్టి ఇది బాడీ లోపం కాదు, ఫర్మ్‌వేర్ లోపం. మీ సర్వీస్ సెంటర్ చెప్పినట్టు ఆల్ రీసెట్ చేశాం, బ్యాటరీ తీసి పెట్టాం, కార్డు మార్చాం. ఫలితం లేదు.

తప్పు ఎలా వస్తుందో మీ ఇంజినీర్లు టేబుల్ మీదే చూడొచ్చు. సిస్టమ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, ప్రాజెక్ట్ 25పీ (సెకనుకు 25 ఫ్రేములు), షట్టర్ మోడ్ యాంగిల్, విలువ 180 డిగ్రీలు పెట్టండి. 180 అంటే ఒక్కో ఫ్రేము కాలంలో సగంసేపు షట్టర్ తెరిచి ఉండటం, 360 అంటే ఆ కాలమంతా తెరిచి ఉండటం. తర్వాత వీఎఫ్ఆర్ ఆన్ చేసి 100కు తిప్పండి. యాంగిల్ మోడ్ ఎవరూ ముట్టుకోకుండానే స్పీడ్ మోడ్‌కి, అంటే షట్టర్ కాలాన్ని సెకనులో వంతుగా చూపే మోడ్‌కి, మారిపోతుంది. తెర మీద 1/50 అని పడుతుంది, అక్కడే ఉండిపోతుంది. సెకనుకు 100 ఫ్రేములు తీస్తున్నప్పుడు ఒక్కో ఫ్రేముకు దక్కే కాలమే సెకనులో నూరో వంతు. అందులో 1/50 షట్టర్ ఎలా పడుతుంది? పడదు. కెమెరా లోలోపల 1/100కి తగ్గించుకుంటోంది, అంటే 360 డిగ్రీలు. తెరకు మాత్రం ఆ సంగతి చెప్పడం లేదు.

దీన్ని టేబుల్ ఫ్యాన్‌తో తేల్చుకోవచ్చు. ఒక రెక్క చివర తెల్ల టేపు ముక్క అంటించి, ఫ్యాన్‌ని నిమిషానికి 1200 చుట్ల దగ్గర పెట్టి, 100 ఫ్రేముల్లో తీయండి. షట్టర్ నిజంగా 180 డిగ్రీలైతే టేపు చార 36 డిగ్రీల మేర సాగాలి, వరుస ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చితే చారకీ చారకీ మధ్య అంతే ఖాళీ కనిపించాలి. మీ కెమెరా ఫుటేజ్‌లో చార 72 డిగ్రీలు సాగుతోంది, ఒక ఫ్రేములో చార ముగిసిన చోటే తర్వాతి ఫ్రేములో మొదలవుతోంది. మధ్యలో ఖాళీయే లేదు. ఆ క్లిప్పులు ఈ లేఖతో పంపుతున్న డ్రైవ్‌లో ఉన్నాయి.

దీనివల్ల నష్టం రెండు విధాలు. మొదటిది కదలికలో మసక. స్లో మోషన్ తీసేదే నీటి తుంపర, ఎగిరే జుట్టు, చల్లే అక్షింతలు విడివిడిగా కనపడాలని. 360 డిగ్రీల్లో అవి ముద్దగా వస్తాయి, ఎడిటింగ్‌లో దాన్ని బాగు చేసే దారి లేదు. రెండోది ఎక్స్‌పోజర్. 25 నుంచి 100కి వెళితే 180 డిగ్రీల్లో రెండు స్టాపుల వెలుగు తగ్గుతుంది (ఒక స్టాప్ తగ్గడమంటే వెలుగు సగమవడం). లెక్క తెలిసిన కెమెరామన్ ఆ రెండు స్టాపులూ ఐరిస్‌తోనో (లెన్స్ ద్వారం తెరిచి), ఎన్‌డీ (వెలుగు తగ్గించే ఫిల్టర్) తగ్గించో ఇస్తాడు. ఇక్కడ తగ్గింది ఒక్క స్టాపే కాబట్టి షాట్‌లో వెలుగు ఒక స్టాప్ ఎక్కువవుతుంది. పట్టుచీర జరీ మీద లైటు పడిన చోట వివరం పోయి తెల్లగా మిగులుతుంది.

రికార్డింగ్‌లో ఉండగానే డయల్ తిప్పి వేగం మార్చే షాట్‌లో ఇంకా ఇబ్బంది. 25 నుంచి 50 వరకు వెలుగు అసలు మారదు, ఎందుకంటే షట్టర్ 1/50 దగ్గరే బిగుసుకుపోయి ఉంటుంది. 50 దాటిన దగ్గర్నుంచి చీకటవడం మొదలై, 100 దగ్గరికి ఒక స్టాప్ పడిపోతుంది. మొదటి సగం ఒకలా, రెండో సగం ఇంకోలా నడిచే ఈ షాట్‌కి ఫోకస్ పుల్లర్ పక్కన నిలబడి ఐరిస్ తిప్పేవాడు ఏ లెక్కన తిప్పాలి?

ఇది సెట్‌లో వెంటనే ఎందుకు పట్టుబడదో కూడా చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/100 షట్టర్‌లో ప్రతి ఫ్రేముకీ ఒక పూర్తి మినుకు దక్కుతుంది కాబట్టి ఫ్లిక్కర్ కనిపించదు, మానిటర్‌లో అంతా శుభ్రంగా ఉంటుంది. తర్వాతి సెటప్‌లో ఎవరో షట్టర్ సరిచేసి 1/200 పెడితే అదే హాలులో మెల్లగా కదిలే అడ్డచారలు వస్తాయి. అప్పుడు నింద లైట్ల మీద పడుతుంది. తప్పు ఎక్కడిదో తెలిసేసరికి రెండు సెటప్పులూ ఒకదానితో ఒకటి కలవవు.

కార్డు విషయంలోనూ తెర ఇలాగే తప్పుదారి పట్టిస్తోంది. 25పీలో 250 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు; 8 బిట్లు ఒక బైటు) ఇంట్రా రికార్డింగ్ (ప్రతి ఫ్రేమునీ విడిగా కుదించేది), 100 ఫ్రేముల్లో నాలుగింతలై 1000 ఎంబీపీఎస్ అవుతుంది, అంటే సెకనుకు 125 మెగాబైట్లు. మీ బ్రోషర్‌లో వీ60 కార్డు చాలని రాశారు. వీ60 కార్డు రాసే వేగానికి ఇచ్చే కనీస హామీ సెకనుకు 60 మెగాబైట్లు, వీ90 హామీ కూడా 90 మాత్రమే. కెమెరా ఏ హెచ్చరికా లేకుండా 100ని ఎంచుకోనిస్తుంది, షాట్ మధ్యలో రికార్డింగ్ ఆపేస్తుంది. 128 జీబీ ఖాళీ కార్డు పెడితే 68 నిమిషాలు మిగిలాయని చూపిస్తుంది. 100 ఫ్రేముల్లో నిజంగా దొరికేది 17 నిమిషాలే. మెటాడేటాలో (క్లిప్‌తో పాటు నమోదయ్యే వివరాల్లో) కూడా షాట్ మొదట్లో ఉన్న ఫ్రేమ్ రేట్ ఒక్కటే నమోదవుతోంది, మధ్యలో మార్చింది లేదు.

ప్రస్తుతానికి మా దగ్గరికొచ్చే వాళ్లకు చెబుతున్న ఉపాయం ఇది: ముందు వీఎఫ్ఆర్ ఆన్ చేసి ఫ్రేమ్ రేట్ పెట్టుకోవాలి, ఆ తర్వాతే షట్టర్‌ని మళ్లీ యాంగిల్‌కి తెచ్చి 172.8కి ఒకసారి మార్చి తిరిగి 180కి తేవాలి. రేట్ మార్చిన ప్రతిసారీ ఇదంతా చేయాలి. రోలింగ్‌లో వేగం మార్చే షాట్‌కి ఈ ఉపాయం కూడా పనికిరాదు. లక్షలు పోసి కొన్న కెమెరాకి ఇది పరిష్కారం అనిపించుకోదు.

మేం కోరేవి: యాంగిల్ మోడ్‌లో పెట్టిన విలువ వీఎఫ్ఆర్‌లోనూ, రోలింగ్‌లోనూ నిలిచేలా ఫర్మ్‌వేర్ సరిచేయాలి. తెర మీద, కార్డు సమయంతో సహా, నిజంగా జరుగుతున్నదే కనిపించాలి. అది వచ్చేదాకా పాత ఫర్మ్‌వేర్‌కి వెనక్కి వెళ్లే ఫైల్ ఇవ్వాలి. ఇప్పుడు కెమెరా పాత వెర్షన్‌ని తీసుకోవడం లేదు. ఏ రేటుకు ఏ కార్డు కావాలో బ్రోషర్‌లో సరిదిద్ది, ఈ లోపం సంగతి కొన్నవారందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఈ బాడీలు కొన్నవారిలో ఎక్కువమంది సొంతంగా పనిచేసుకుని బతుకుతున్న వీడియోగ్రాఫర్లు. స్వయం ఉపాధి కోసం కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుందని మీకు తెలుసు. 15 రోజుల్లో మీ ఇంజినీరింగ్ విభాగం నుంచి లిఖితపూర్వక జవాబు రాకపోతే, ఇవే క్లిప్పులతో వినియోగదారుల కమిషన్‌కి వెళతాం. సీరియల్ నంబర్లు, కొనుగోలు బిల్లులు, మెనూ సెట్టింగుల ఫొటోలు జతపరిచాం.

ఇట్లు,
కెమెరా సాంకేతిక బృందం,
కృష్ణానగర్, హైదరాబాద్