మూడో నెలలో మాత్రలు మానొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా గల్లీలో ఆటో నడిపే అన్న టీబీ మందులు మూడో నెలలో మానేశాడు. దగ్గు పోయింది, మళ్లీ బండి తీస్తున్నాడు, ఇంకెందుకులే అనుకున్నాడు. ఇప్పుడు మామూలు మందులకు లొంగని టీబీ అని తేలి, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తిరుగుతున్నాడు. నిరుడు నేనూ అదే తప్పు చేయబోయాను, అందుకే ఈ ఉత్తరం.

నేను బోరబండలో బ్లౌజులు కుడతాను. నెల దాటినా దగ్గు తగ్గలేదు, పొద్దుగూకితే జ్వరం. ఇంటి దగ్గరి ప్రైవేటు డాక్టరు సిరప్ మీద సిరప్ రాశారు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలని చెప్పింది మా బస్తీ ఆశా అక్క. సీబీనాట్ మిషన్ పరీక్షలో టీబీ ఉందనీ, దానిమీద రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందనీ ఒకేసారి తెలిసింది. అప్పుడు నా బరువు 46 కిలోలు. దాన్నిబట్టి రోజుకు మూడు మాత్రలు, ఒక్కో మాత్రలో నాలుగు మందులు. సర్కారు దవాఖానాలో పైసా తీసుకోలేదు. మొదటిరోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చాను. అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదని ముందే ఒక్క మాట చెబితే ఎంత బాగుండేది!

రెండు నెలలకు తెమడలో క్రిమి కనిపించలేదు. మూడు కిలోలు పెరిగాను. వికారం మాత్రం వదల్లేదు. పైగా పెళ్లిళ్ల సీజను, కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచే తీరిక లేదు. నాలుగు రోజులు మాత్రలు ముట్టలేదు. ఆశా అక్క వచ్చి అట్టలో మిగిలినవి లెక్కపెట్టింది. "లోపల కొన్ని క్రిములు పండుకొని ఉంటయి చెల్లె. ఇప్పుడు ఆపితే లేస్తయి, మొండికేస్తే ఈ మందుకు చావవు" అంది. వికారం సంగతి డాక్టరుకు చెప్పించింది. ఆర్నెల్లూ పూర్తి చేశాను, నయమైంది.

మా అత్తమ్మ నాకు కంచం, గ్లాసు వేరుచేసింది. కోపం లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. టీబీ కంచంతో అంటదు, దగ్గినప్పుడు గాలిలో పోతుంది. మా నాలుగేళ్ల బాబుకు పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలాక ముందుజాగ్రత్తగా మాత్రలు ఇచ్చారు. అది చాలా ఇళ్లలో తెలియదు. తిండికి నెలకు 1000 రూపాయలు బ్యాంకులో పడతాయని కూడా తెలియదు. నాకు ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ సరిపోయింది.

ఏటా మార్చి 24న, ప్రపంచ టీబీ దినం రోజు, మీ పేపర్లో టీబీ గురించి వేస్తారు, చదువుతాను. దగ్గు గుర్తుపట్టడం గురించి ఉంటుంది. దగ్గు పోయాక మిగిలే నాలుగు నెలల గురించి కూడా, మార్చి దాకా ఆగకుండా, రాయమని వేడుకుంటున్నాను. ఆటో అన్నకు కొత్త మందులు మొదలయ్యాయి, ఇదీ తగ్గుతుందని డాక్టర్లు ధైర్యం చెప్పారు. ఇప్పుడు ఆయన రోజూ మా ఇంటి ముందు బండి ఆపి, నా ముందే మాత్రలు మింగి పోతున్నాడు.

– ఒక పాఠకురాలు, బోరబండ, హైదరాబాద్