పాపను ఎత్తుకున్న సిస్టరమ్మకు

మాది పాలమూరు దగ్గర పల్లె. కల్తీ కల్లుకు అలవాటు పడ్డ మా చెల్లె, మానేద్దామని రెండు రోజులు తాగకపోతే చేతులు వణికి ఫిట్స్ వచ్చాయి. అందులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా ఆగితే అంతే. సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. వార్డులో పిల్లలను ఉంచనివ్వరు. "పాపను పంపిస్తే నేనూ పోతా" అని చెల్లె సెలైన్ పీకేయబోయింది.

నైట్ డ్యూటీ సిస్టర్ కోప్పడలేదు. పాపను భుజాన వేసుకుని, చెల్లెకు కనిపించేలా తలుపు దగ్గరే కుర్చీ వేసుకుంది. "ఇగో, నీ బిడ్డ నా దగ్గరే ఉంది, సూస్తనే ఉండు" అంది. గంటకోసారి లేచి బీపీ చూసింది, పాపను దించకుండానే. తెల్లారేసరికి ఆమె భుజమంతా పాలు కక్కిన మరక.

సిస్టరమ్మా, చెల్లె కోలుకుంటోంది. తల్లీబిడ్డ కలిసి ఉండి వైద్యం చేయించుకునే చోటు సర్కారు ఖర్చుతో జిల్లాకొకటి రావాలని ఇప్పుడు కనిపించిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నా. మీ పేరు అడగడం ఆ టెన్షన్‌లో మరిచిపోయా. దండాలమ్మా.