బుజ్జీ, క్వయర్ మానేశావంటగా

బుజ్జి తల్లికి ప్రభువు పేరట దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మ మోకాలు పర్వాలేదు, చిన్నోడు మళ్ళీ ఆ బండే కొంటానంటున్నాడు. మొన్న చిన్నత్త ఫోన్ చేసి మాటల్లో మాటగా మీ పాటల బృందం ఈస్టర్ వీడియోలో నువ్వు కనపడలేదంది, ఆల్టో వరసంతా, అదే కింది స్థాయిలో పాడే ఆడవాళ్ళందర్నీ, రెండుసార్లు చూసిందంట. సరే అది వదిలెయ్. లీడ్స్‌లో చలి తగ్గిందా? మఫ్లర్ చుట్టుకుంటున్నావా?

క్రిస్మస్‌కి నువ్వు పంపిన పాట, ఆ ఇంగ్లండ్ స్వరకర్త జాన్ టావెనర్ "ది లాంబ్", ఇవాళ మళ్ళీ విన్నా. 1982లో మూడేళ్ళ పిల్లాడి పుట్టినరోజుకి రాశాడన్నావే, అదే. ముందు పై గొంతు సోప్రానో ఒక్కటే డో మీ రే టీ అని వెళ్తుంది, తర్వాత మీ ఆల్టో కలిసి, అది ఎంత పైకి పోతే మీరంత కిందికి, అద్దంలో చూసినట్టు. మొదట్లో ఎవరో తప్పు పాడారనుకున్నా, సోల్ఫా, అదే ఆ డో రే మీలు, రాసుకుని చూశాక తెలిసింది. ఆల్టో లేకపోతే అందులో ఇంకేముందమ్మా? నిజంగా మానేశావా?

1997 సెప్టెంబర్ 6, శనివారం. ముందురోజే మదర్ థెరిసా పోయారు. నువ్వింకా పుట్టలేదు, అమ్మకి ఏడో నెల. డయానా అంత్యక్రియలు చూద్దామని మా క్వయర్ మాస్టారింటికి వెళ్ళాం. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోంచి పెట్టె బయటికి తీసుకెళ్తుంటే ఒక పాట, అది టావెనర్ 1993లో రాసిన "సాంగ్ ఫర్ ఎథీనీ" అని ఎన్నో ఏళ్ళకి నువ్వు చెప్తేనే తెలిసింది నాకు. కింద బేస్‌వాళ్ళు, అదే అన్నిటికన్నా కింది గొంతు మగవాళ్ళు, ఒకే స్వరం పట్టుకున్నారు, తంబురా శ్రుతిలాగా, కదల్లేదు, పైన అల్లెలూయా వస్తూ పోతూ ఉంది. నేనూ బేస్ పాడేవాణ్ణే కదా, ఇంతసేపు ఊపిరి తీసుకోకుండా ఎలాగరా అనుకుంటుండగానే కరెంట్ పోయింది. ఆ స్వరం జారిపోకుండా గొంతులోనే పట్టుకుని ఇంటికొచ్చి, అమ్మ పిలుస్తున్నా పలక్కుండా, హార్మోనియం మీద వెతికి ఆ మెట్టు మీద సుద్దముక్కతో గీత పెట్టా. మర్నాడు ప్రాక్టీసులో మేం నలుగురం పట్టి చూశాం, అందరం ఒకేసారి ఊపిరి తీసుకున్నాం, తెగిపోయింది. అప్పుడు మాస్టారన్నారు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తీసుకోండిరా, మెల్లగా తప్పుకోండి, మెల్లగా కలవండి అని. అలా పాడితే ఎక్కడా తెగలేదు.

అలిసిపోతే ఆగు తల్లీ, ఉద్యోగం అలాంటిదే, నాకు తెలుసు. కానీ మీ క్వయర్ నడిపించే కండక్టర్‌కి ఒక మాట చెప్పి ఆగు, పక్కవాళ్ళు చూసుకుంటారు. అసలు చెప్పాపెట్టకుండా మానెయ్యడం ఎప్పుడు నేర్చుకున్నావు, ట్యూషన్ అప్పుడూ ఇంతే... సరే, లెక్చర్ ఇవ్వనని అమ్మకి మాటిచ్చి కూర్చున్నా.

గొంతు గానీ పాడైందా? ఉప్పు నీళ్ళు పుక్కిలించు, ఫ్రిజ్ నీళ్ళు ముట్టుకోకు. శొంఠి, మిరియాల పొడి పార్సిల్ చేశా, కారప్పొడి సీసా వేరే కవర్లో ఉంది, రెండూ కలవకుండా చూసుకో. ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి, ఆలస్యమైనా మెలకువగానే ఉంటా.

నాన్న