కూలీల మస్టరు మైకులో చదివారు, భాషా సంఘం లెక్క చదవరేం?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కోనసీమలో ఒక మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మా ఆఫీసులో ఉత్తరాలు, ఫైళ్లు ఎంత శాతం తెలుగులో నడుస్తున్నాయో పైకి రిపోర్టు పంపాల్సి వచ్చేది. ఆ కాగితం నింపేది నేనే. ఒక్కసారి కూడా ఫైళ్లు లెక్కపెట్టలేదు. మొదటిసారి మా సూపరింటెండెంటు గారు "తొంభై అయిదు వేసెయ్యండి" అన్నారు, వేశాను. ఆ తర్వాత పాత కాగితం చూసి అదే ఎక్కించేవాణ్ణి. ఒక ఏడాది తొంభై ఆరు వేశాను, అభివృద్ధి కనబడాలి కదండీ. చూడ్డానికి ఎవరూ రాలేదు. రిపోర్టు పైన పెట్టే కవరింగ్ లెటరు మాత్రం ఇంగ్లిష్‌లోనే వెళ్లేది.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిరుడు ఎడిన్‌బరోలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉన్నాను. రైల్వే స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లిష్ కింద ఇంకో పేరు కనబడితే అదేం భాషని అడిగాను. గేలిక్ అంది. 2022 జనాభా లెక్కల్లో స్కాట్లండ్ మొత్తం మీద అది మాట్లాడగలిగినవాళ్లు 70 వేల లోపే. మా కొత్తపేట నియోజకవర్గం ఓటర్లలో సగం కూడా రారు. ఆ భాష కోసం అక్కడి పార్లమెంటు 2005లో చట్టం చేసింది. ఇన్వర్నెస్‌లో 'బోర్డ్ నా గాలిక్' అనే సంస్థ పెట్టారు. ఇందులో వింతేం లేదు, సంస్థలు పెట్టడం మనకీ వచ్చు.

నాకు వింతగా తోచింది ఆ తర్వాతి సంగతి. ఆ బోర్డు నడక బాగాలేదని 2019 ఆఖర్లో ఆడిటర్ జనరల్ ఏకంగా పార్లమెంటుకే రిపోర్టు ఇచ్చారు. నాయకత్వం సరిగ్గా లేదు, సభ్యుల పనేమిటో అధికారుల పనేమిటో తేటగా లేదు, జనానికి సంగతులు తెలియనివ్వడం లేదు అని అందులో రాశారు. 2020లో పార్లమెంటు కమిటీ ఆ బోర్డు వాళ్లని పిలిచి అందరి ముందూ ప్రశ్నలడిగింది. మరుసటి ఆడిట్ నాటికి చాలా వరకు సర్దుకున్నారట. భాష మీద ప్రేమ ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. ఇచ్చిన డబ్బుతో ఏం చేశారు, ఎవరు చేశారు అని అడిగారు.

మనకి అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. దాని అమలు చూడ్డానికి అధికార భాషా సంఘం ఉంది. సన్మానాలు, శాలువాలు, ఆగస్టు 29న ఉపన్యాసాలు పేపర్లో చూస్తూనే ఉంటాం. ఏడాదిలో ఎన్ని ఆఫీసులు తనిఖీ చేశారు, నాలాంటివాడు వేసిన తొంభై అయిదుని ఎన్నిచోట్ల పట్టుకున్నారు అన్నది నేనెక్కడా చదవలేదు. 2021లో పాఠ్యపుస్తకాలు వేసే తెలుగు అకాడమీ ఫిక్స్‌డ్ డిపాజిట్లలో 60 కోట్ల పైచిలుకు మాయమయ్యాయని బయటపడ్డాక కూడా మనం నాలుగు రోజులు మాట్లాడుకుని ఊరుకున్నాం. నేనైతే ఆమధ్య భాష పనులు చూసే ఒక ఆఫీసుకి సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి తనిఖీల లెక్క అడిగాను. రెండు లైన్ల జవాబొచ్చింది, ఇంగ్లిష్‌లో.

అదే ఉపాధి హామీ కూలీల విషయంలో చూడండి. సామాజిక తనిఖీ వాళ్లు మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. "నీ పేరున ఇన్ని రోజులు పడ్డాయమ్మా, చేశావా?" అని అడిగేవారు. టేపు పట్టి, కూలీలు తవ్విన పంట బోదె కొలిచేవారు. తర్వాత మండలాఫీసు దగ్గర ప్రజావేదిక పెట్టి, ఆ లెక్కలన్నీ అందరి ముందూ మైకులో చదివేవారు. ఆ షామియానాలు, కుర్చీలు వేయించింది నేనే. కొలతలో తేడా వస్తే ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు నలుగురి ముందూ లేచి జవాబు చెప్పాలి. పాపం, ఆ ముందు రోజంతా వాళ్లకి ఒకటే టెన్షన్.

భాషా సంఘానికీ అలాంటి వేదిక జిల్లాకొకటి, ఏడాదికొకసారి పెట్టమంటున్నాను. అమలాపురంలో పెడితే చాలు. ఖర్చు ఎంత, సభ్యులు ఎక్కడెక్కడ తిరిగారు, ఏ ఆఫీసులో ఏ ఫైలు చూశారు అన్నది తెలుగులో చదవాలి, వచ్చినవాళ్లు అడగాలి. నేను పంపిన రిపోర్టుల ఆఫీసు కాపీలు రికార్డు రూములో కిటికీ పక్క బీరువాలో ఉండేవి, చెదలు పట్టకపోతే ఇప్పటికీ ఉంటాయి. తనిఖీకి వస్తామంటే, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు,
కొత్తపేట, కోనసీమ జిల్లా