కోడ్ చూసి గేర్‌బాక్స్ దించకండి

సంపాదకునికి,

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న పికప్ ట్రక్కు కాస్త మొరాయిస్తే చాలు, బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ తగిలించడం, పి0700 అనే కోడ్ కనబడగానే ‘బాక్స్ పోయింది’ అని తేల్చేయడం రివాజైపోయింది. కోడ్ నంబరు, దానికెదురుగా మార్చాల్సిన పార్టు పేరు ఉండే పట్టికలు ఈ ధోరణిని ఇంకా పెంచుతున్నాయి. నిజానికి పి0700 చెప్పేది ఒక్కటే. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపాన్ని నమోదు చేసుకుని ఇంజన్ కంప్యూటర్‌కు కబురు పెట్టింది. ఆ లోపమేమిటో తెలియాలంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా చదవగలిగే స్కానర్ కావాలి. అప్పుడు దొరికే కోడ్‌లోనే పనికొచ్చే సమాచారం ఉంటుంది. పి0715 గేర్‌బాక్స్‌లోకి వచ్చే వేగాన్ని కొలిచే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌ది, పి0720 బయటికి వెళ్లే వేగాన్ని కొలిచే అవుట్‌పుట్ సెన్సర్‌ది. పి0741 వస్తే కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లోపలి లాకప్ క్లచ్, అంటే ఆ రెంటినీ నేరుగా కలిపే క్లచ్, పట్టడం లేదు. పి0731 నుంచి పి0735 దాకా వచ్చేవి ఒకటి నుంచి ఐదు వరకు ఏ గేరులో లోపలికొచ్చే, బయటికెళ్లే వేగాల నిష్పత్తి కుదరలేదో చెబుతాయి. కోడ్ చెరిపేసే ముందు, లోపం తలెత్తిన క్షణంలో నమోదైన వేగం, గేరు, ఆయిల్ వేడి కాగితం మీద రాసుకోవాలి. చెరిపేశాక అవి మళ్లీ దొరకవు.

అసలు స్కానర్ కంటే ముందు చూడాల్సింది ఆయిల్. ఇంజన్ ఆయిల్‌లా బండి ఆపి చూసేది కాదిది. డిప్‌స్టిక్ ఉన్న పికప్‌లలో ఎక్కువ వాటికి పద్ధతి ఇదీ: బండి చదునైన నేల మీద ఉండాలి, ఇంజన్ నడుస్తుండాలి, ఆయిల్ బాగా వేడెక్కి ఉండాలి. బ్రేక్ తొక్కి, లీవర్‌ను అన్ని స్థానాల్లోనూ కాసేపు ఆపుతూ తిప్పి, పార్క్‌లో పెట్టి అప్పుడు డిప్‌స్టిక్ తీయాలి. పాత డాడ్జ్ పికప్‌లు కొన్నింటిలో పార్క్‌లో కాదు, న్యూట్రల్‌లో చూడాలి. డిప్‌స్టిక్కే లేని కొత్త బళ్లకు కింద లెవెల్ ప్లగ్ ఉంటుంది. ఆయిల్ ఉష్ణోగ్రత కంపెనీ చెప్పిన హద్దులో ఉండగా, ఇంజన్ నడుస్తుండగానే దాన్ని విప్పితే ఆయిల్ సన్నగా కారాలి. చుక్క రాకపోతే తక్కువ ఉన్నట్టు, ధార కడితే ఎక్కువ ఉన్నట్టు. ఎక్కువుంటే మంచిదేగా అనుకునేవాళ్లున్నారు. తిరిగే భాగాలు ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగతో ఒత్తిడి నిలవదు కనుక ఆయిల్ తక్కువైనప్పటిలాగే గేర్లు జారతాయి.

రంగు ముదిరినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. మాడు వాసన వస్తే మాత్రం క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టే. ఆయిల్ గులాబీ రంగు పాలలా కనిపించిందా, రేడియేటర్ లోపల గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. ఇక ఆ బండిని స్టార్ట్ చేయకూడదు, లాక్కెళ్లాలి. ప్లేట్లకు లైనింగ్‌ను అంటించిన జిగురును కూలెంట్‌లోని నీళ్లు, గ్లైకాల్ వదులు చేసేస్తాయి.

తర్వాత కరెంటు సంగతి. బండి ఒకే గేరులో బిగుసుకుపోయి నడుస్తుంటే అది చాలాసార్లు లింప్ మోడ్. తనను తాను కాపాడుకోవడానికి కంప్యూటర్ చేసే పని అది, లోపల ఏదో విరిగిందనడానికి రుజువు కాదు. ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తగ్గినా, ఎర్త్ వైరు చిలుము పట్టినా సొలెనాయిడ్లు (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు) సరిగా పనిచేయకపోవచ్చు. గేర్‌బాక్స్ కనెక్టర్ విప్పి పిన్నుల మధ్య ఆయిల్ ఊరిందేమో చూడాలి. ఒక్కో సొలెనాయిడ్ కాయిల్‌ను చల్లగా ఉన్నప్పుడోసారి, వేడి మీద ఇంకోసారి ఓమ్స్‌లో కొలిచి సర్వీస్ మాన్యువల్‌తో పోల్చాలి. చల్లగా ఉంటే బాగుండి వేడెక్కాక తెగిపోయే కాయిల్ ఒక్క కొలతకు దొరకదు.

జనం ఎక్కువగా పొరబడేది వణుకు దగ్గర. పై గేరులో గంటకు 60–80 కిలోమీటర్ల వేగంతో, యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి వెళుతుంటే బండి జలదరిస్తుంది. ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ కదల్చకుండా, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. కంప్యూటర్ లాకప్ క్లచ్‌ను వదిలేస్తుంది, ఆర్‌పీఎం కాస్త ఎగురుతుంది. వణుకు ఆగకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, టైర్లను చూడాలి. ఆగితే లాకప్ క్లచ్ మీదో ఆయిల్ మీదో అనుమానం పెట్టుకోవచ్చు. అయితే లాకప్ వదలగానే ఇంజన్ మీద బరువు కూడా తగ్గుతుంది కాబట్టి, ఇంజన్ మిస్సింగ్ (ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం, అదే మిస్‌ఫైర్) వల్ల వచ్చే వణుకు కూడా ఆ క్షణంలో మాయం కావచ్చు. అందుకే స్కానర్‌లో సిలిండర్లవారీ మిస్‌ఫైర్ లెక్క చూడకుండా కన్వర్టర్‌కు శిక్ష వేయకూడదు. నిజంగా లాకప్‌దే అయినా, సరైన రకం ఆయిల్ మారిస్తేనే తగ్గిపోయే బళ్లున్నాయి. ఒకసారి డ్రెయిన్ చేస్తే మొత్తం రాదు, కన్వర్టర్‌లో చాలా ఆయిల్ మిగిలిపోతుందని గుర్తుంచుకోవాలి.

పికప్‌కు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటి ఉంది. పార్క్ నుంచి డ్రైవ్‌కు వేయగానే ‘ఠక్’మంటే అది గేర్‌బాక్సే కానక్కర్లేదు. చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, కిందికెళ్లి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తే దాని చివర్లలోని క్రాస్ జాయింట్ల ఆట (వదులు) తెలిసిపోతుంది. రెండు ముక్కల షాఫ్ట్ అయితే సెంటర్ బేరింగ్ రబ్బరు కూడా చూడాలి. బండి ఆగే క్షణంలో వెనక నుంచి తన్నినట్టుంటే షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరిగేందుకుండే స్లిప్ యోక్ ఎండిపోయి ఉండవచ్చు, గ్రీజుతో పోయే జబ్బు అది.

గేర్లు నిజంగానే జారుతుంటే ఏ గేర్లు పోయాయో, ఏవి మిగిలాయో వరుసగా రాసి, ఆ బాక్స్‌లో ఏ గేరుకు ఏ క్లచ్ పనిచేస్తుందో చెప్పే పట్టికతో సరిచూడాలి. ఉదాహరణకు షెవర్లే పికప్‌లలో ఎన్నో ఏళ్లు వచ్చిన 4ఎల్60-ఇ బాక్స్‌లో మూడు, నాలుగు గేర్లు పోయి మిగతావి బాగుంటే అనుమానించాల్సింది 3-4 క్లచ్‌ను. రెండు, నాలుగు, రివర్స్ కలిసి పోతే సన్ గేరు (మధ్య గేరు)ను తిప్పే డబ్బాలాంటి షెల్‌ను. అన్ని గేర్లూ జారుతుంటే ముందు ఆయిల్ మట్టం, ఫిల్టర్, ఆ తర్వాత గేజ్ పెట్టి లైన్ ప్రెషర్ (క్లచ్‌లను పట్టి ఉంచే ఆయిల్ ఒత్తిడి) చూడాలి. చల్లగా ఉన్నప్పుడే గేరు ఆలస్యంగా పడితే రబ్బరు సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. వేడెక్కాకే జారితే పలచబడ్డ ఆయిల్ అరిగిన పంపు దగ్గరో సీల్ రింగుల దగ్గరో ఒత్తిడి నిలపలేకపోతోంది. బ్రేక్ తొక్కిపట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కే స్టాల్ టెస్ట్ జోలికి మాత్రం ఇంటి దగ్గర వెళ్లొద్దు. కొద్ది సెకన్లలోనే ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది, బ్రేక్ జారితే ఎదురుగా ఉన్నవాళ్ల ప్రాణం మీదకొస్తుంది.

బాక్స్ దించే ముందు చివరగా ఆయిల్ పాన్ విప్పాలి. అయస్కాంతం మీద సన్నని బూడిద రంగు ముద్ద ఉండటం మామూలే. ఇనుప రేకులు, బుష్‌ల నుంచి వచ్చిన పసుపు రంగు తునకలు, గుప్పెడు నల్లటి లైనింగ్ పొడి కనిపిస్తే ఇక దించాల్సిందే. అప్పుడు పాత కన్వర్టర్‌ను తిరిగి బిగించనివ్వకండి. కూలర్‌ను, దాని పైపులను కడిగారో లేదో నిలబడి చూసుకోండి. వాటిలో మిగిలిన తునకలు నేరుగా కొత్త బాక్స్‌లోకే వెళతాయి.

— గేర్‌బాక్స్ పని తెలిసిన ఒక పాఠకుడు