సంతకం పెట్టే ముందు మీ ముగ్గురూ ఒక కాగితం రాసుకోండి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంటు, అదే మీ బ్యాండ్ పాటల కోసం మ్యూజిక్ కంపెనీ ఇచ్చింది, మొత్తం చదివాను. ఇంగ్లీషులో ఉన్నా కొత్తేమీ అనిపించలేదు. ఇన్నేళ్లుగా హన్మకొండ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చొని నేను రాసే సేల్ డీడ్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు. అమ్మేది ఎవరు, కొనేది ఎవరు, ఏం అమ్ముతున్నారు, ఎన్నాళ్లకు. పొలం బదులు పాట ఉంది, అంతే.

నాకు నచ్చనిది మొదటి పేజీలోనే ఉంది. అమ్మేవాళ్ల దగ్గర మీ బ్యాండ్ పేరు రాశారు. బ్యాండ్ అంటే ఎవరు? మీ అన్నా, నువ్వా, చిన్నోడా? మీరు ఏ కంపెనీగానూ రిజిస్టర్ కాలేదు కదా, ఆ పేరుకు చట్టం ముందు విలువ లేదు. పైగా చిన్నోడికి కూడా సంతకం గడి పెట్టారు. వాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం మైనర్ సంతకం చెల్లదు. ఇది తెలియక పెట్టారో, చూద్దాంలే అని పెట్టారో వాళ్లనే అడగాలి.

కంపెనీ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ముగ్గురి సంగతి తేల్చుకోండి. నా దగ్గరికి భాగపంపకాల కోసం వచ్చే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎక్కువ మంది మొదట్నుంచీ కొట్లాడినవాళ్లేం కాదు. సొంతవాళ్లమే కదా, కాగితం ఎందుకు అనుకున్నవాళ్లే. గుంట భూమికి మాట్లాడుకోవడం మానేసినవాళ్లను చూశాను. మీకు భూమి లేదు కానీ పాటలున్నాయి, వాటి హక్కు రాసినవాళ్లు చనిపోయాక కూడా 60 ఏళ్లు నడుస్తుంది, ఇద్దరు కలిసి చేసిన పాటైతే ఆఖరున పోయినవాళ్ల నుంచి లెక్క. మీ మనవళ్లదాకా వచ్చే ఆస్తి అది.

ఒక్కో పాటలో మాటలు రాసినవాళ్ల హక్కు వేరు, బాణీ కట్టినవాళ్లది వేరు, రికార్డింగ్ చేయించినవాళ్లది వేరు, పాడిన గొంతుకు ఇంకోటి. మీ ఇంట్లో బాణీలు ఎక్కువ మీ అన్నవి, మాటలు నీవీ మీ అన్నవీ కలిసి, చిన్నోడు గిటారుతో పాట మొదలెడితేనే జనం గుర్తుపడతారు, పోస్టర్ మీద మాత్రం నీ ముఖమే పెద్దగా ఉంటుంది. మీ అన్న ఏమీ అనడు, వాడి సంగతి నాకు తెలుసు కాబట్టే చెప్తున్నా. బీ జీస్ అని ముగ్గురు అన్నదమ్ముల బ్యాండ్ ఉండేది, 1969లో ఎవరు పాడిన పాటను ముందు పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చి వాళ్లలో రాబిన్ అనేవాడు బయటికి వెళ్లిపోయాడు, మరుసటేడు మళ్లీ కలిశారు. అందుకని పాటకో కాగితం పెట్టుకోండి. పాట పేరు, మాటలు ఎవరివి ఎంత వంతు, బాణీ ఎవరిది ఎంత వంతు, తేదీ, ముగ్గురి సంతకాలు, చిన్నోడి పక్కన నాదో అమ్మదో. పాట అయిపోయిన రోజే రాయాలి. అది హిట్టయ్యాక ఎవరి జ్ఞాపకం వాళ్లది.

బాపమ్మ పాడే ఆ బతుకమ్మ పాటను మాత్రం ఎవరి పేరు మీదా ఎక్కించకండి. ఆమె అందుకుంటే వాడకట్టు ఆడవాళ్లంతా ఉయ్యాలో అని కలిపేవారు, ఎవరు కట్టారో ఎవరికి తెలుసు? జానపదం అని రాయండి, ఎవరు పాడగా విన్నారో అదీ రాయండి. మధ్యలో మీ అన్న కలిపిన చరణాలు, చిన్నోడి గిటారు మీవి. ఇక్కడ జానపద పాటలు నావంటే నావని జరిగే గొడవలు నువ్వూ చూస్తున్నావుగా.

ఇక అగ్రిమెంటు. ఇదివరకు రికార్డ్ చేసినవీ, ఇకముందు చేయబోయేవీ అన్నీ శాశ్వతంగా వాళ్లవేనట. అంటే పైగదిలో కిటికీకి బొంత కట్టి, ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుతూ, కాజీపేట వైపు నుంచి రైలు కూత పడితే టేక్ పోయిందని ఒకరినొకరు తిట్టుకుంటూ చేసిన ఆ పాటలు కూడా. వాటికి వాళ్లు పెట్టిన ఖర్చేంటి? పాతవి తీసేయమను, కొత్తవాటికి ఇన్నేళ్లని రాయమను. గడువు రాయకపోతే మన కాపీరైట్ చట్టం అయిదేళ్లే లెక్కగడుతుంది, అది తెలిసే శాశ్వతం అన్న మాట పెడతారు. ఇంకోటి, 2012లో చట్టం మార్చాక, రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ వచ్చే రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు వచ్చే డబ్బులో, సమాన వాటాను ఏ అగ్రిమెంటూ లాక్కోలేదు. అది అందాలంటే మీ అన్నా నువ్వూ, రాసేవాళ్ల, బాణీ కట్టేవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో ఎవరికి వాళ్లు సభ్యులుగా చేరాలి, పాటను స్పాటిఫైలో ఎక్కించే కంపెనీ మీ తరఫున ఆ పని చేసి పెడుతుందని అనుకోకు. స్పాటిఫై అయితే 2024 నుంచి ఏడాదిలో వెయ్యి సార్లు కూడా వినని పాటకు పైసా ఇవ్వడం లేదు, కాబట్టి ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉద్యోగం మానేస్తానంటే మీ అమ్మ కంటే ముందు నేనే ఒప్పుకోను. షోలు చేయండి, నెలనెలా జీతమూ తెచ్చుకోండి, కొన్నాళ్లు రెండూ నడవనీ.

అడ్వాన్స్ చూసి మీ అన్న సంబరపడుతున్నాడట. అదేం ఇనాం కాదు బిడ్డా, వీడియో ఖర్చూ స్టూడియో ఖర్చూ కలిపి అంతా మీ వాటాలోంచి పట్టుకున్నాకే మీకు రూపాయి వస్తుందని వెనక పేజీలో ఉంది. ఈ అగ్రిమెంటును వాళ్లు ఇంకెవరికైనా బదలాయించొచ్చనీ ఉంది. అమెరికాలో హాన్సన్ అనే అన్నదమ్ములకు అట్లాగే అయింది, వాళ్ల కంపెనీ పెద్దదాంట్లో కలిసిపోయి వీళ్లు వేరే లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) చేతిలో పడ్డారు, పొసగక బయటికొచ్చి 2003లో సొంత లేబుల్ పెట్టుకున్నారు. మా అనుమతి లేకుండా బదలాయించరాదు అని ఒక్క ముక్క రాయించు.

బ్యాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ కూడా ముగ్గురి పేరున వేద్దాం, పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. రేపు ఎవరైనా పెళ్లనో చదువనో పక్కకు జరిగితే పేరు ఎవరి దగ్గర ఉండాలో మీరే మాట్లాడుకోండి, అందులో నేను తలదూర్చను.

నాకు తెలిసింది దస్తావేజు వరకే, కాపీరైట్ చూసే వకీలుకు ఒకసారి చూపిద్దాం. కంపెనీ ఆయన ఫోన్ చేస్తే టెన్షన్ పడకు, మా బాపు చదువుతున్నాడు, టైం కావాలి అని చెప్పు. ఆదివారం మీ అన్నను తీసుకుని రా. స్టాంపు పేపరు నేనే తెచ్చిపెడతా, రాత కూలి మాత్రం మీకొచ్చే మొదటి పేమెంటులో పట్టుకుంటా.

మీ బాపు