కరగబోయిన కాసు

రేయ్ రఘూ,

నువ్వు ఉగాదికి రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. మీ తమ్ముడు ఈ సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కి, అక్కణ్ణుంచి నీ దగ్గరికి వస్తున్నాడు కదా, ఆరింటికల్లా వచ్చి ఊరగాయల పార్సెల్ తీసుకుపోతానన్నాడు. ఈలోపు ఎంత రాయగలిగితే అంత.

ముందు మామూలు సంగతులు. అమ్మ మోకాలు ఇప్పుడు బాగుంది. చిన్నది పదో తరగతి గట్టెక్కింది. మీ పాత ఇంటి వేపచెట్టు కొట్టలేదు, ప్రహరీ గోడ ఒక పక్క బీట వారింది, మనిషిని పెట్టి చూపిస్తాను. బోడి లెక్కల సార్ నిన్ను అడిగాడు, "వాడు ఇంకా శేషం మర్చిపోతున్నాడా" అని. నేను మాత్రం నవ్వలేదు, ఒట్టు.

ఇక అసలు సంగతి. ఇది ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డం పడతావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా మేనత్త తెలుసు కదా, వీధి చివర నీలం తలుపుల ఇల్లు. మనవరాలి పెళ్లి కుదిరింది. వడ్డాణం చేయించాలి. బంగారం ధర ఇట్లా మండుతుంటే కొత్తగా ఎక్కడ కొంటారు? మా అవ్వ నాటి కాసుల దండ కరిగిద్దామని తీర్మానం చేసేశారు. నాకు సంగతి తెలిసింది ఎప్పుడంటే, దండ అప్పటికే ఆచారన్న పనిశాలకు చేరిన తర్వాత. మా ఆవిడ మాటల సందులో అన్నది, "మీ అత్త పొద్దున్నే గుర్రం బొమ్మ కాసులు కరిగించడానికి పోయింది" అని. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది, స్కూటర్ తీశాను.

ఇప్పటి దండల్లో లక్ష్మీదేవి బిళ్లలు పల్చగా కొట్టి వేస్తారు. అవ్వది అలా కాదురా, అన్నీ అసలు సవరన్లు, బ్రిటిష్ వాళ్ల బంగారు నాణేలు. ఒక పక్క ఐదో జార్జి తల, ఇంకో పక్క గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడిచే మనిషి. ఒక్కోటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో మేలిమి పుత్తడి 7.32 గ్రాములు. మనూళ్లో కాసంటే ఎనిమిది గ్రాములనే లెక్క అక్కణ్ణుంచి వచ్చిందే.

నేను వెళ్లేసరికి పొయ్యి రాజుకుంటోంది. మూస పక్కనే పెట్టారు. ఆచారన్న ఒక్కో కాసుకి పైన టంకం పెట్టిన కొక్కెం చూసుకుంటున్నాడు, అత్త చాప మీద కూర్చుని గడియారం చూసుకుంటోంది.

"అత్తా, ఒక్క పావుగంట ఆగు" అన్నాను.

"ఏమబ్బీ, రాహుకాలం వచ్చేస్తాది. కాసుని కాసులాగే చూడాల గానీ, దాంట్లో చూసేదేముంది?"

దాంట్లో చూసేది ఏముందో నీకు తెలుసు, ఆమెకి తెలీదు. గుర్రం కాళ్ల కింద నేల గీత ఉంటుంది చూడు, దాని మధ్యలో, సంవత్సరం అంకెలకి సరిగ్గా పైన ఆవగింజంత అక్షరం, కాసు ఏ టంకశాలలో పుట్టిందో చెప్పేది. ఎం ఉంటే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్, ఎస్ ఉంటే సిడ్నీ, పి ఉంటే నువ్వుండే పెర్త్, సి ఉంటే కెనడాలోని ఒట్టావా, ఎస్‌ఏ ఉంటే దక్షిణాఫ్రికా. ఏమీ లేకపోతే లండన్. ఐ ఉంటే మాత్రం బొంబాయి. ఆ ఐ ఒక్క సంవత్సరానికే పరిమితం, 1918. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రం మీద బంగారం పంపడం ప్రమాదమైపోయింది, ఇక్కడేమో వెండి కరువొచ్చి రూపాయలు కొట్టడానికే కష్టంగా ఉంది (రూపాయి కాగితం నోటు 1917 చివర్లో పుట్టింది ఆ కరువు వల్లే). అందుకని బొంబాయి టంకశాలలోనే రాయల్ మింట్, అంటే లండన్ టంకశాల, శాఖ తెరిచారు. లండన్ నుంచి అచ్చులు వచ్చేలోపు చేతులు ముడుచుకుని కూర్చోకుండా అదే తూకంతో 15 రూపాయల బంగారు మొహర్లు కొట్టారు. తర్వాత సవరన్లు, 13 లక్షలకి కాస్త తక్కువ. మరుసటి ఏడే శాఖ మూసేశారు. ఆపైన మళ్లీ ఐ గుర్తు కనిపించింది 2013లోనే, రాయల్ మింట్ లైసెన్సుతో ఎంఎంటీసీ-పాంప్ అనే బంగారం కంపెనీ వాళ్లు మన దేశంలో ముద్రించినప్పుడు. నేను సేకరించిన నాణేల డబ్బాలో ఉన్న ఐ ఆ కొత్తదే. పాతది చేతికి దొరకలేదు, దొరికినా ధర చెప్పేసరికి చేయి వెనక్కి వచ్చేది.

13 లక్షలంటే చాలా ఎక్కువే కదా అంటావు. నిజమే. కానీ వాటిలో ఎన్ని ఇలాగే మూసల్లోకి పోయుంటాయో ఆలోచించు. ప్రతి పెళ్లికీ ఒక దండ... సరే, అది వదిలెయ్.

భూతద్దం తీసి కూర్చున్నాను. మొత్తం 21 కాసులు. సగానికి పైగా ఎం, ఎస్. ఆస్ట్రేలియా బంగారం ఆ రోజుల్లో ఓడలకెక్కి నేరుగా మన దేశానికి వచ్చేది కదా, ఆశ్చర్యమేమీ లేదు. నాలుగు లండన్‌వి. ఒకటి చూసి గట్టిగా అరిచేశాను, పి! 1915! రేయ్, నువ్వు రోజూ బస్సులో దాటిపోతానన్నావే హే స్ట్రీట్‌లో ఆ సున్నపురాయి భవనం, 1899లో తెరిచిన పెర్త్ టంకశాల, అక్కడ పుట్టిన కాసు ప్రొద్దుటూరులో మా అవ్వ మెడలో బతికింది. నువ్వేమో ప్రొద్దుటూరులో పుట్టి అక్కడ బతుకుతున్నావు. అత్తకి ఇది చెబితే, "రఘు పిలగాడా, నా చేతి అలసంద వడలు దొంగిలించి తిన్నోడేనా" అంది. అవును, ఆ వడల కేసు ఇంకా మూతపడలేదు.

చివర్లో ఒకటి మిగిలింది. పసుపు, కుంకుమ, మైనం అన్నీ కలిసి గట్టిగా పేరుకుపోయి ఉంది. అంకెలు కష్టం మీద కనిపించాయి, 1918. అక్షరం ఉండాల్సిన చోట ఏమీ కనిపించలేదు. నా గుండె ఒక్కసారి ఆగింది. ఎందుకంటే 1918లో లండన్‌లో సవరన్లు కొట్టనే లేదు, 1917తో ఆపేశారు. అంటే 1918 అని ఉండి అక్షరం లేకపోతే అది దొంగ కాసు. ఉంటే ఐ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ టెన్షన్ నీకెలా చెప్పేది! హాస్టల్లో ఫలితాల కాగితం అతికించిన రోజు నువ్వు కళ్లు మూసుకుని నన్ను చదవమన్నావే, అదే నాకు ఇప్పుడు.

ఆచారన్న సాయం చేద్దామని చింతపండు పిసికి, బ్రష్ అందుకున్నాడు. "అన్నా! వద్దన్నా!" అని నేను వేసిన కేకకి ఆయన చేతిలోది కింద పడింది. రుద్దితే మెరుస్తుంది, నిజమే. కానీ ఆ మెరుపుతో నాణెం ముఖం మీది సన్నటి పనితనం పోతుంది, సేకరించేవాడి లెక్కలో సగం విలువ పోయినట్టే. కుంకుడు రసం గోరువెచ్చగా చేసి అందులో నానబెట్టాం. అత్త గడియారం చూస్తోంది. ఆచారన్న పొయ్యి చూస్తున్నాడు. నేను గిన్నె చూస్తున్నాను.

ఈలోపు తూకం. కాటా మీద పెడితే కొక్కెంతో కలిపి 8.2. అది సరే. నీళ్ల పరీక్ష కూడా చేశాను. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నాకి తెచ్చి, దారంతో కాసుని గ్లాసు అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. 22 క్యారెట్ల కాసైతే కాటా సుమారు 0.45 గ్రాము చూపాలి, ఇత్తడి మీద పూత అయితే దానికి రెట్టింపు దాకా వస్తుంది. కొక్కెం బరువు కలుపుకుంటే మనకి 0.46. ఆచారన్న నలభై ఏళ్లుగా ఒరగల్లు మీద గీసి చెబుతున్నాడు, ఈ దారం విద్య చూసి ముసిముసిగా నవ్వాడు. "నేను కంటితో చెప్పేది నువ్వు నీళ్లతో చెబుతున్నావు" అన్నాడు. కానీ ఒక మాట, బంగారం సరిపోయినంత మాత్రాన కాసు అసలుది కాదు. నకిలీలు కొట్టేవాళ్లలో బంగారం సరిగ్గానే వేసినవాళ్లూ ఉన్నారు. అక్షరమే సాక్ష్యం.

తీసి మెత్తటి గుడ్డతో అద్దాను. భూతద్దం. నేల గీత మీద ఒక నిలువు గీత. గీరుకుపోయిన గీతేమో అనుకుని వెలుతురు పక్కకి తిప్పాను. కాదు. పైనా కిందా చిన్న అడ్డగీతలు. ఐ!

ఏం చేశానో అడగొద్దు. అత్త మాత్రం "వీడికేమో పూనకం వచ్చినాది" అని ఆచారన్నతో అంది.

తర్వాత బేరం. అత్త దగ్గర ఊరికే తీసుకుంటానా? బ్యాంకులో కొన్న 24 క్యారెట్ల 8 గ్రాముల బిళ్ల నా దగ్గర ఉంది (అదే బ్యాంకు తిరిగి కొనదు, మన దేశంలో బ్యాంకులు బిళ్లలు అమ్ముతాయే గానీ వెనక్కి తీసుకోవు, అది గుర్తుపెట్టుకో). అది ఇచ్చి ఇది తీసుకుంటానన్నాను. అంటే అర గ్రాముకి పైనే పుత్తడి ఎక్కువిస్తున్నట్టు. అత్త క్షణం ఆలోచించలేదు. మా ఆవిడ ఇంటికొచ్చాక లెక్క వేసి, "కొక్కెం అతికిన కాసుకి ఇంతా?" అంది. ఆమె మాటలోనూ నిజముంది. టంకం పెట్టిన సవరనుకి సేకరించేవాళ్లు బంగారం ధరకి పైన ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఆచారన్న కొక్కెం తీసేసి ఆనవాలు లేకుండా పాలిష్ చేసిస్తానన్నాడు. వద్దన్నాను. అవ్వ మెడలో ఉన్నట్టే ఉండనీ.

ఇక్కడ నీకో చురక. నువ్వు రాశావు, "మా పెర్త్ మింట్ లూనార్ బిళ్లలు, ఏడాదికో జంతువు బొమ్మ వేసే బంగారు బిళ్లలు, 30,000 మాత్రమే కొడతారు, చిన్నవి కొంటున్నాను, పదేళ్లలో చూడు" అని. రేయ్, ఆ 30,000 ఒక ఔన్సు బిళ్లకి. నువ్వు కొన్నది ఔన్సులో 20వ వంతు, ఒకటిన్నర గ్రాము చిల్లర. చిన్నదానికి గ్రాముకి పడే అదనపు ధర పెద్దదానికంటే ఎక్కువ. నాకు వాటి మీద కోపమేం లేదు, ఎలుక బొమ్మ చాలా ముద్దొచ్చింది, ఇంకోటి పంపు. కానీ "పెట్టుబడి" అని మీ ఆవిడకి చెప్పకు. మన బంగారు బజారులో ఆ బిళ్ల పెడితే కాటా చూస్తారు, ఎన్ని కొట్టారో చూడరు. కొత్తది కొంటే 3 శాతం జీఎస్టీ, తయారీ ఖర్చు పైన. అమ్మేటప్పుడు అవి రెండూ నీళ్లలో కలిసినట్టే. నా పద్ధతి ఒకటే, కరిగించినా నష్టం లేని ధరకి దొరికితేనే తీసుకోవడం, ఆ పైన అక్షరం దొరికితే అదృష్టం. నువ్వు ఒప్పుకోవని తెలుసు. సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద తేల్చుకుందాం, ఈసారి లెక్క నేనే రాస్తాను, గుండు సున్నాలు నీకు అప్పగించను.

పెర్త్ కాసు సంగతి చెప్పలేదు కదా. అత్త అదీ మూసలో పడనివ్వలేదు. "ఆ పిలగాడి ఊరిదంటివే, వానికి పెట్టు. నాకు ఇంకో ఎనిమిది గ్రాములు బాకీ" అంది. బాకీ నీదే, నాది కాదు, దసరా లోపు పంపు. కానీ మీ తమ్ముడి చేతికి ఇవ్వట్లేదు, అలగకు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దేశం దాటించకూడదు. 1915ది కదా. పెర్త్‌లో పుట్టిన కాసుని పెర్త్‌కి తీసుకుపోవడానికి వీల్లేదు, నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో. నా లాకర్లో చిన్న కవరు మీద నీ పేరు రాసి పెట్టాను.

మిగిలిన 19 కాసులు... అవును, కరిగాయి. నేను అక్కడ ఉండలేక బయటికొచ్చి టీ తాగాను. కానీ కరిగే ముందు ప్రతిదాని సంవత్సరం, అక్షరం పుస్తకంలో రాసుకున్నాను. అందులో ఒక 1911 ఎస్ ఉంది, దాని ముఖం మీద ఒక చిత్రమైన

మీ తమ్ముడు వచ్చేశాడు, బయట హారన్ మోగుతోంది. గోంగూర సీసా మూత బిగుతుగా లేదు, నిలువుగానే పెట్టమను. ఆ 1911ది వచ్చే ఉత్తరంలో.